గాలికాపరి కోటుకు బొత్తాల్లేవు

మా అత్తగారికి లోకంలో ఇద్దరంటే పడదు. ఒకరు నేను. రెండోవారు, కథ మధ్యలో "తర్వాత ఏమవుతుంది?" అని అడిగేవాళ్ళు. నేను రెండు లెక్కల్లోకీ వస్తాను కాబట్టి ఆమె గురించి చెప్పడానికి నన్ను మించిన మనిషి దొరకదు.

మేమిద్దరం ఒకే కుట్టుషాపులో పనిచేస్తాం. పొద్దున ఇంట్లో చూసిన మొహాన్నే పగలంతా పనిలో చూడాలి, పనిలో చూసిన మొహంతోనే సాయంత్రం బస్సెక్కి ఇంటికి రావాలి. అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, వాళ్ళు ఏదో ఒకరోజు మా బస్సులో మా వెనక సీట్లో కూర్చునే ఉంటారు. అంతమాత్రాన మేం కొట్టుకు చస్తున్నామని అనుకోవద్దు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి, రోజంతా పైకీ కిందకీ తిరిగి ఇంటికొచ్చాక అతనికి కాస్త వినోదం ఉండాలి కదా అని కొంచెం గట్టిగా మాట్లాడుకుంటాం, అంతే.

షాపులో ఆమెను అందరూ ఎదురుగా పెద్దమ్మా అంటారు, చాటుగా రేడియో అంటారు. చాటుమాట ఆమెకు తెలియదని వాళ్ళ నమ్మకం. ఆమెకు తెలుసు, పైగా కాస్త గర్వం కూడా. "రేడియోకైతే ఆపడానికి మీట ఉంటుంది, నాకు అదీ లేదు" అని ఓసారి నాతోనే అంది. నిజమే, ఇన్నేళ్ళుగా వెతుకుతున్నా నాకు కనబడలేదు.

షాపు కింద టైర్ల దుకాణం, పైన మేము. మెట్లెక్కేటప్పుడు రబ్బరు వాసన, పైకొచ్చాక కొత్త గుడ్డ వాసన. పొడుగాటి గది, ఒక పక్కంతా కిటికీలు. మేం కుట్టేవి యూనిఫారాలు. బడిపిల్లల చొక్కాలు, హోటలు వాళ్ళ కోట్లు, ఆసుపత్రి వాళ్ళ తెల్లకోట్లు. పొద్దుట్నుంచీ మిషన్లు గడగడలాడతాయి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మిషన్లన్నీ ఆగిపోతాయి, అప్పుడు చేతిపని మొదలవుతుంది. కాజాలు కుట్టడం, బొత్తాలు వెయ్యడం, అంచులు మడిచి కుట్టడం. ఆ వేళకి గది నిశ్శబ్దంగా ఉంటుంది. అందరి తలలూ వంగి ఉంటాయి, అందరి చెవులూ ఖాళీగా ఉంటాయి.

ఒకప్పుడు ఈ గదిలో కాజా అంటే మా అత్తగారిదే. కోటు కొన్నవాడు బొత్తం పెట్టుకునేటప్పుడు కాజా వైపు చూడనే చూడడు, కానీ తోటి దర్జీలు మాత్రం కోటు తిప్పి చూసి "ఇది ఎవరి చెయ్యి?" అని అడిగేవారట. మా మాస్టరు, అంటే షాపు యజమాని, గుడ్డ కత్తిరించేదీ ఆయనే, కుర్రతనంలో వేరే షాపులో ఆమె పక్కన కూర్చుని సూది పట్టడం నేర్చుకున్నాడు. అందుకే ఇప్పటికీ ఆమెను అక్కయ్యా అంటాడు. తర్వాత ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు కాజాలు మాని అంచులు పట్టుకుంది, ఆ తర్వాత అంచులు మాని బొత్తాలు పట్టుకుంది. ఎవరైనా అడిగితే "మార్పు కోసం" అనేది. ఒకరోజు సూది బొటనవేల్లో దిగి తెల్లకోటు మీద నెత్తురు పడింది. అందరం చూశాం, ఎవరం నోరెత్తలేదు.

నోరెత్తింది జేబుల పిన్ని. పొద్దున్నంతా జేబులు కుడుతుంది కాబట్టి ఆమెకా పేరు. "పెద్దమ్మా, ఆ సూది అవతల పెట్టి మాకేదన్నా చెప్పండి. చేతులకి పనుంది గానీ చెవులు ఊరికే పడున్నాయి. మీ వంతు పని మేం పంచుకుంటాం" అంది. మర్నాడు మా అత్తగారు ఇంట్లోంచి ఓ లావుపాటి పుస్తకం తెచ్చింది. కిటికీ పక్కన ఎత్తు కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆనాటి నుంచి ఆ కుర్చీ ఆమెదే.

ఆ పుస్తకం పేరు 'తొమ్మిది గాలుల దేశం'. ఆరు భాగాలు. ఆమె పెళ్ళికాకముందు సంపాదించింది. అట్టలు ఊడిపోతే, కోటు కాలర్ లోపల బిరుసు కోసం పెట్టే గుడ్డతో కొత్త అట్ట కుట్టుకుంది. కథ చాలా పెద్దది గానీ ముఖ్యమైన సంగతి ఇది: ఒక దేశంలో గాలులు పశువుల్లా ఉంటాయి. అవి విచ్చలవిడిగా తిరిగితే పంటలు దక్కవు, ఇళ్ళు దక్కవు. వాటిని ఒక ముసలమ్మ కాస్తూ ఉంటుంది. ఆమె పేరు గాలికాపరి. ఆమె కోటుకు బొత్తాలుండవు, ముందువైపు పైనుంచి కిందకి ముడులుంటాయి. ఒక్కో ముడిలో ఒక్కో గాలి. శత్రువులు వచ్చినప్పుడు ఆమె కొండ అంచున నిలబడి ఒక్కో ముడీ విప్పుతుంది. విప్పిన కొద్దీ దేశం గెలుస్తుంది, ఆమె కోటు వదులవుతుంది, ఆమెకు చలి పెరుగుతుంది. గుడ్డతో బతికేవాళ్ళం కదా, ఆ కోటు మా మనసుల్లోకి దూరిపోయింది. ముడి ఎలాంటి తాడుతో వేసుంటారు, లోపల అస్తరు ఉందా లేదా అని మేం ఎంత వాదించుకున్నామో చెప్పలేను.

ఆమె చదవడం మామూలు చదవడం కాదు. రాజుకో గొంతు, దొంగకో గొంతు, ఉత్తరపు గాలికో ఈల. యుద్ధం వస్తే మేం ఊపిరి బిగబట్టి గబగబా కుట్టేవాళ్ళం. కాజా చూసి ఆ రోజు ఏ ఘట్టం చదివారో చెప్పగలనని మాస్టరు అంటాడు. దుఃఖం ఉన్నరోజు కుట్లు దగ్గరగా, యుద్ధం ఉన్నరోజు కుట్లు దూరంగా పడతాయట. ఆరో భాగం అయిపోతే మళ్ళీ మొదటి భాగం. కథంతా మాకు కంఠతా వచ్చేసింది. అయినా ఎవరైనా నోరు జారి "తర్వాత ఏమవుతుంది?" అంటే చాలు, పుస్తకం మూసేసి కళ్ళద్దాల పైనుంచి చూసేది. "తర్వాత ఏమవుతుందో నీకు చెప్పడానికే కదా నేనిక్కడ కూర్చున్నది? నువ్వు అడిగితే త్వరగా అవుతుందా?" అనేది.

ఇలా ఉండగా 'తొమ్మిది గాలుల దేశం' టీవీలో సీరియల్‌గా వస్తోందన్న కబురు దిగింది.

కబురు తెచ్చింది కాలరక్క. ఆమె పని కాలర్లు, ఆమె అసలు పని కబుర్లు. ఆ రోజు చేతిపని సగం కూడా కాలేదు. గాలికాపరిగా ఎవరు వేస్తారు, గాలుల్ని ఎలా చూపిస్తారు, తొమ్మిదో ముడి చివరి రోజున విప్పుతారా లేక మధ్యలోనే విప్పేసి కథ పాడుచేస్తారా. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, సీరియల్ ఇంకా తీయనే లేదు, జేబుల పిన్ని అందులో దొంగ వేషం వేసినవాడు బాగోలేడని తేల్చేసింది. షాపులోనే కాదు, బయటా అదే గోల. ఎదురు భవనం మీద ఇంత పెద్ద బొమ్మ కట్టారు. బస్టాపులో కాలేజీ పిల్లలు గాలుల పేర్లు వరసగా అప్పజెప్పుకుంటున్నారు. ఐదో గాలి పేరు తప్పు చెప్పిన ఒక పిల్లవాణ్ణి మా అత్తగారు వెళ్ళి సరిదిద్దింది. వాడు "మీరూ చదివారా ఆంటీ?" అన్నాడు. బస్సొచ్చేదాకా ఆమె వాణ్ణి వదల్లేదు, బస్సెక్కాక కూడా కిటికీలోంచి చెబుతూనే ఉంది.

కొన్నాళ్ళకి చిన్న ముక్క చూపించారు. కాలరక్క ఫోన్ చుట్టూ మా తలలన్నీ చేరాయి. కొండ, మబ్బులు, డప్పుల మోత, ఆ తర్వాత గాలికాపరి. ముసలమ్మ కాదు, పడుచుపిల్ల. అది ఒక ఎత్తయితే, కోటు ఇంకో ఎత్తు. ఆమె కోటుకు ముందువైపు వరసగా ఇత్తడి బొత్తాలు తళతళలాడుతున్నాయి.

"బొత్తాలా!" అంది జేబుల పిన్ని, ఎవరో పోయారన్నట్టు.

"బొత్తం తీస్తే గాలి ఎలా వస్తుందే? బొత్తంలో గాలి ఎక్కడ పడుతుంది?" అంది కాలరక్క.

అందరం మా అత్తగారి వైపు చూశాం. ఆమె ఫోన్ తీసుకుని మళ్ళీ మొదట్నుంచీ చూసింది. "ఆ కోటు కుట్టించినవాడు పుస్తకం చదవలేదు" అంది. "అయినా నేను చూస్తాను. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని చూశాను, ఒక్కసారి కళ్ళు తెరిచి చూడొద్దూ?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం చూడాలి. మా ఆయన పెళ్ళిఫోటోలో కూడా ఆమె అంత సంతోషంగా లేదు. అందులో నేనూ ఉన్నాను కాబట్టి కారణం ఊహించుకోవచ్చు.

చిక్కంతా వేళ దగ్గర వచ్చింది. సీరియల్ రోజూ వస్తుంది, సరిగ్గా మా చేతిపని వేళకే వస్తుంది. ఇంటికెళ్ళి ఫోన్లో చూసుకోవచ్చు గానీ, ఈలోపు బస్సులో సగం ఊరు దాని గురించి మాట్లాడేస్తుంది. అందరం కలిసి మాస్టరు ప్రాణం తీశాం. షాపులో టీవీ పెట్టించండి, చేతిపనే కదా, చూస్తూ కుట్టేస్తాం అన్నాం. ఆయన మెత్తటి మనిషి. పైగా ఆయనకూ చూడాలనుంది. టీవీ వచ్చింది. గదిలో అందరికీ కనబడే చోటు కిటికీ పక్కనే. కాబట్టి ఎత్తు కుర్చీ అక్కణ్ణుంచి లేచి, దారం రీళ్ళు పెట్టే మూలకి వెళ్ళింది.

ఆ సాయంత్రం మాస్టరు మా అత్తగారి దగ్గరికొచ్చి, "అక్కయ్యా, ఇన్నాళ్ళూ మాకోసం గొంతు చించుకున్నావు. సోమవారం నుంచి ఆ పెట్టే చెబుతుంది. ఇదయ్యాక అందులో ఇంకా బోలెడు సీరియళ్ళున్నాయట. నువ్వు హాయిగా ఇంట్లో ఉండు. రావాలనిపిస్తే రా, లేకపోతే లేదు" అన్నాడు. ఆయన మంచిగానే అన్నాడు. అదే వచ్చిన తంటా. చెడ్డగా అని ఉంటే ఆమె అక్కడికక్కడే కడిగేసేది. మంచిగా అనేసరికి ఏం చెయ్యాలో తోచక, "సరేలే" అని సంచీ భుజాన వేసుకుంది. బస్సులో నాతో ఒక్క మాటా అనలేదు. మీట దొరికిందని నేను సంతోషించాల్సింది. సంతోషం రాలేదు.

సోమవారం పొద్దున నేను పాలు పొయ్యి మీద పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎడమచేతిలో సూది, కుడిచేతిలో దారం. దారం కొస సూది బెజ్జం చుట్టూ తిరుగుతోంది గానీ లోపలికి పోవడం లేదు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"కనబడటం లేదూ? సూదిలో దారం ఎక్కిస్తున్నా."

"ఎందుకు?"

"చెయ్యి బాగుపడిందేమో చూద్దామని."

చెయ్యి బాగుపడలేదు. నేను చెయ్యి చాచాను. "ఇటివ్వండి, నేనెక్కిస్తా."

"నువ్వెక్కిస్తే నీ చేతి సంగతి తెలుస్తుంది. నాకు కావలసింది నా చేతి సంగతి." ఇంకోసారి ప్రయత్నించి, సూదిని తన కొంగుకి గుచ్చేసింది. "చూడమ్మాయ్. నేను చదువుతుంటే మీరు నా వంతు కుడుతున్నారు. అది జాలి కాదు, పంపకం. నా పని నాది, మీ పని మీది. నేను చదవకుండా మీరు నా వంతు కుడితే అది జాలి అవుతుంది. ఆ జాలి తినడానికి నేను మెట్లెక్కి రాను."

"అయితే మానేస్తారా?"

"ఇవాళ వచ్చి చూస్తా. చూసి, ఆ పెట్టే బాగా చెబుతోందనిపిస్తే రేపట్నుంచి మానేస్తా." పాలు పొంగుతున్నాయి చూసుకోమని చేత్తో చూపించింది. "ఒక్కటి మాత్రం చెబుతున్నా. అది చెడిపోవాలని నేను కోరుకోను. నేనీ ఇంటికి కోడలిగా రాకముందు నుంచీ కళ్ళారా చూడాలని ఎదురుచూస్తున్న కథ అది. నా కుర్చీ కోసం దాన్ని శపించుకోలేను."

పొయ్యి కట్టేసి ఏమీ ఎరగనట్టు గ్లాసులు కడిగాను. ఆమె పనికి రాకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రోజంతా ఇంట్లో గోడల్ని చూస్తూ కూర్చునే మనిషి కాదు. గోడలు బదులు చెప్పవు, బదులు చెప్పనివాళ్ళతో ఆమె బతకలేదు.

మధ్యాహ్నం అయింది. తెర మీద బొమ్మ బాగా కనబడాలని కిటికీలకి గుడ్డలు కట్టాం. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళాల్సిన డాక్టర్ల తెల్లకోట్లు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నాం. మూలన ఎత్తు కుర్చీలో మా అత్తగారు, ఒళ్ళో మూసిన పుస్తకం.

సీరియల్ మొదలైంది. ముందు ఏమీ లేదు, ఒక పెద్ద గడ్డిమైదానం. గడ్డి ఒక పక్కనుంచి వంగుతూ వచ్చింది, ఎవరో చెయ్యి వేసి నిమురుతున్నట్టు. మూలనుంచి "అదే" అని వినబడింది. తిరిగి చూస్తే మా అత్తగారి కళ్ళలో నీళ్ళు. "అచ్చం అదే. ఆ రంగే" అంటోంది తనలో తనే. నిజంగా బాగా తీశారు. అబద్ధమెందుకు చెప్పాలి? గాలుల్ని కట్టేసే కొట్టం, కొట్టం తలుపుల చప్పుడు, దొంగ నవ్వు, అన్నీ బాగున్నాయి. పడుచు గాలికాపరి ఇత్తడి బొత్తాలతో వచ్చినప్పుడు మేమంతా మూలిగాం గానీ మా అత్తగారు "ష్" అని మా నోళ్ళు మూయించింది. మూడుసార్లు ఉరిమి, ఒక్కొక్కరి మొహం విడివిడిగా చూపించి, ఆ రోజుకి ఆపేశారు. అందరం ఒక్కసారి ఊపిరి వదిలాం.

కిటికీ గుడ్డలు తీద్దామని కాలరక్క లేచింది. ఆమెతోపాటు కోటు కూడా లేచింది. కోటు అంచునీ తన చీర అంచునీ కలిపి చక్కగా, గట్టిగా కుట్టేసుకుంది. గది గొల్లుమంది. ఆ నవ్వులో జేబుల పిన్ని తన చేతిలోది చూసుకుని, "ఓసి నా మొహం మండా" అంది. ఆమె కోటు చేతి చివర మడిచి కుట్టాల్సింది పోయి, రెండు వైపులూ కలిపి మూతి కుట్టేసింది. "డాక్టరుగారు చెయ్యి ఎక్కణ్ణుంచి బయటికి తీస్తాడే?" అని కాలరక్క పడీపడీ నవ్వింది. అప్పుడు నేను నా ఒళ్ళోకి చూసుకున్నాను.

నేను నవ్వలేదు. మగవాళ్ళ కోటుకి కాజాలు ఎడమ పక్క రావాలి. నావన్నీ కుడి పక్క ఉన్నాయి. ఒక కోటుకి కాదు, చేతికొచ్చిన ప్రతి కోటుకీ. నా పక్కన కూర్చున్నామె నన్ను చూసి తనవీ అలాగే కోసుకుంటూ పోయింది. తప్పు కుట్టు పడితే విప్పొచ్చు, మూతి కుట్టేస్తే తెరవొచ్చు. కాజా కోత మాత్రం నోరు జారిన మాట లాంటిది, దాన్ని వెనక్కి తీసుకోలేం.

మాస్టరు వచ్చి ఒక కోటు తీసుకుని వెలుగులో తిప్పి చూశాడు. తర్వాత ఇంకోటి. ఆయన అరిచే రకం కాదు. అరిస్తే బాగుండేదనిపించింది. "ఇవి పొద్దున్నే వెళ్ళాలి" అన్నాడు. వెళ్ళి టీవీ వైరు పీకేశాడు. "ఇది ఇంటికి పోతుంది."

మూలనుంచి మా అత్తగారి గొంతు వచ్చింది.

"తమ్ముడూ, ఆ ఆసుపత్రిలో డాక్టరమ్మలు లేరా?"

"ఉన్నారక్కయ్యా. వాళ్ళ కోట్లు వచ్చే వారం ఇవ్వాలి."

"వాటిలో కొన్ని ఈ వారమే ఇవ్వు. ఆడవాళ్ళ కోటుకి కాజాలు కుడి పక్కే కదా? నడుం దగ్గర చెరో మడత పట్టి బిగిస్తే ఇవి ఆడకోట్లే. తగ్గిన మగకోట్లు వచ్చే వారం ఇద్దువు. ఫోన్ చేసి అడుగు, కాదంటే అప్పుడు ఏడుద్దాం."

మాస్టరు ఫోన్ చేశాడు. వాళ్ళు కాదనలేదు, డాక్టరమ్మలు ఎప్పట్నుంచో అడుగుతున్నారట కూడా. మేం సూదులు పట్టుకున్నాం. ఎవరూ అడగకుండానే మా అత్తగారు పుస్తకం తెరిచి, ఎక్కడో మధ్యనుంచి చదవడం మొదలుపెట్టింది. పొద్దు వాలేలోపు మూతులు తెరుచుకున్నాయి, మడతలు పడ్డాయి, కాలరక్క కోటు నుంచి విడుదలైంది. ఆ పూట పడిన కుట్లు చూసి మాస్టరు కోట్లన్నీ తనే మడతపెట్టాడు.

కానీ టీవీ మాత్రం పోవాలన్నాడు. ఎవరం కాదనలేకపోయాం, ఏ మొహం పెట్టుకుని కాదంటాం? రేపు బస్సులో అందరూ రెండో రోజు కథ చెప్పుకుంటుంటే మేం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవాలి. మా అత్తగారికి మాత్రం అన్నీ తిరిగొచ్చేశాయి. కుర్చీ, పుస్తకం, మా చెవులు. ఆమె చెయ్యాల్సిందల్లా నోరు మూసుకుని ఉండటమే. ఆమె నోరు మూసుకుని ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడలేదు.

"టీవీ ఎక్కడికీ పోదు" అంది.

"అక్కయ్యా, ఇంత జరిగాక..."

"జరిగింది చూశాను కాబట్టే అంటున్నా. వీళ్ళ కళ్ళు సూది మీద ఉండాలి. నా చేతిలో సూది లేదు, నా కళ్ళు ఖాళీ. నా కుర్చీ కిటికీ దగ్గరికి తెచ్చెయ్. పెట్టెను ఆ రీళ్ళ మూలన పెట్టు. వీళ్ళు నా వైపు తిరిగి కూర్చుంటారు, పెట్టె వీళ్ళ వీపులకి ఉంటుంది. నేను చూసి చెబుతా, వీళ్ళు విని కుడతారు."

"టీవీకి నోరుంది కదక్కయ్యా. అదే చెబుతుందిగా?"

"గుర్రం పరిగెడితే అది టకటకమంటుంది. గుర్రం ఎటు పరిగెత్తిందో చెబుతుందా?"

ఆ మాటకి కాలరక్క లేచి టీవీ స్టాండు మూలకి లాగేసింది. ఎత్తు కుర్చీ నేను మోశాను. బరువైనదే, అయినా ఇంకెవరినీ పట్టనివ్వలేదు.

మర్నాడు అలాగే కూర్చున్నాం. సీరియల్ మొదలైంది. అటు టీవీ, ఇటు మా అత్తగారు, రెండు గొంతులూ గదిలో ఢీకొన్నాయి. కాసేపటికి కాలరక్క తలెత్తకుండానే, "మాస్టరుగారూ, ఆ సౌండు కాస్త తగ్గించండి, పెద్దమ్మ మాట వినబడటం లేదు" అంది. తగ్గించాడు. మరి కాసేపటికి జేబుల పిన్ని, "ఇంకాస్త" అంది. ఆ తర్వాత ఎవరన్నారో తెలియదు గానీ టీవీ పూర్తిగా మూగబోయింది. అప్పుడే టీలు తెచ్చినతను గుమ్మంలో నిలబడిపోయాడు. వెనక అంత పెద్ద తెర మీద యుద్ధం జరుగుతుంటే, మేమంతా దానికి వీపు పెట్టి, ఓ ముసలావిడ మొహం వైపు చెవులొగ్గి కుట్టుకుంటున్నాం. అతను గ్లాసులు పెట్టేసి, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నట్టు చూసి వెళ్ళాడు.

ఆమె చెబుతోంది. పుస్తకం ఒళ్ళో మూసే ఉంది, కళ్ళు తెర మీదున్నాయి. శత్రువుల పడవలు ఒడ్డుకొచ్చాయి. గాలికాపరి కొండ ఎక్కింది. ఎత్తు కుర్చీలో మా అత్తగారి వీపు నిటారుగా ఉంది, గొంతు పాతికేళ్ళ పడుచుదానిలా ఖంగుమంటోంది. ఈ గొంతు లేకపోతే నా చెవికి ఏ కథా కథలా వినబడదని నాకప్పుడు తెలిసింది. ఇంట్లో ఈ మాట ఆమెతో అనను, అంటే నెత్తినెక్కి కూర్చుంటుంది.

"కొండ అంచున నిలబడింది" అంటోంది. "చలి. కోటు మీద చెయ్యి వేసింది. మొదటి ముడి దొరికింది. పాతముడి, బిగుసుకుపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి. అయినా వదల్లేదు. విప్పుతోంది."

నా సూది ఆగింది. పుస్తకం నాకు కంఠతా వచ్చు. అందులో గాలికాపరి వేళ్ళు ఎక్కడా వణకవు. నేను మెల్లగా తల తిప్పి చూశాను. మూలన తెర మీద పడుచు గాలికాపరి, వణకని నున్నటి వేళ్ళతో, తళతళలాడే ఇత్తడి బొత్తం తీస్తోంది.

మళ్ళీ ఇటు తిరిగాను. కుర్చీ చేతి మీద మా అత్తగారి కుడిచెయ్యి వణుకుతోంది. ఆమె దాన్ని దాచుకోవడం లేదు.

తల దించుకుని, కాజా ఎడమ పక్కే ఉందని ఓసారి చూసుకుని, సూది దించాను. ఆమె ఒక్క క్షణం ఆగింది. ముడి విడిందో లేదో నిజంగా నాకు తెలియదు.

"తర్వాత ఏమవుతుందత్తయ్యా?" అన్నాను.

గదిలో అందరూ తలలెత్తి నా వైపు చూశారు. ఆమె పుస్తకం ఎలాగూ మూసే ఉంది, ఇక మూయడానికేం లేదు. కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసింది.

"వినవే" అంది. "చెబుతున్నాగా."